అరవై అయిదు అంగుళాల్లో సత్యకుమారి

పాలకొల్లులో ఎవరైనా పోయారన్న సంగతి ఊరికి తెలియాలంటే రెండే దారులు. ఒకటి రత్తమ్మ, రెండోది సత్యకుమారి. రత్తమ్మ బస్టాండు వెనక రోడ్డువార చేపలు అమ్ముతుంది. కబురు ముందుగా అందేది ఆమెకే. సత్యకుమారి లోకల్ కేబుల్ ఛానల్లో సాయంత్రం ఏడున్నర వార్తలు చదువుతుంది. ఆమె చదివాకే ఆ కబురు ఖాయమైనట్టు లెక్క.

ఇరవై రెండేళ్ల కిందట ఆమె ఆ ఆఫీసులో చేరింది వార్తలు చదవడానికి కాదు, టైపు కొట్టడానికి. తెర అడుగున పరిగెత్తే ప్రకటనలు కంప్యూటర్లో ఎక్కించడం ఆమె పని. ఒకరోజు వార్తలు చదివే మాస్టారికి గొంతు పూడుకుపోయింది. ఛానల్ పెట్టిన అచ్చిబాబు గారు ఆఫీసంతా ఓసారి కలియజూసి, చీర నలగకుండా ఉన్నది ఈవిడొక్కతే అని తీసుకెళ్లి నీలం కర్టెన్ ముందు కూర్చోబెట్టారు. మాస్టారి గొంతు వారానికి బాగుపడింది గానీ, కుర్చీ మాత్రం ఆయనకి మళ్లీ దొరకలేదు.

అంతకుముందు ఆమె పుట్టింట్లో రెండో పిల్ల, అత్తింట్లో త్రిమూర్తులు పెళ్లాం. కుర్చీ ఎక్కాక సత్యకుమారి గారు అయింది. కొబ్బరికాయల కొట్టులో గుమస్తాగా ఉన్న త్రిమూర్తుల్నే జనం ‘సత్యకుమారి గారి ఆయన’ అనడం మొదలుపెట్టారు. అందుకతను ఉబ్బిందీ లేదు, కుంగిందీ లేదు. మాటలు తక్కువ మనిషి. వార్తలు చదివే ఆ అరగంటసేపు మాత్రం ఆమెని ఎవరూ పిలవలేరు. పొయ్యి మీద కూర మాడుతున్నా, పిల్లకి జ్వరమొచ్చినా, అత్తగారికి మందుబిళ్ల కావాలన్నా ఏడున్నర నుంచి ఎనిమిది దాకా ఆమె అందరిదీ, ఎవరిదీ కాదు. జీవితం మొత్తమ్మీద ఆమె తనదనుకున్నది ఆ కుర్చీ ఒక్కటే.

వార్తలంటే ఢిల్లీ వార్తలు కావు. కాలువ ఎప్పుడు కట్టేస్తారు, రేపు ఏ వీధిలో కరెంటు ఉండదు, కొబ్బరి ధర ఎంత, కిలోకి ఎన్ని తూగే రొయ్య ఎంత పలికింది, క్షీరారామలింగేశ్వరుడి గుడిలో అభిషేకం ఎన్నింటికి, ఎవరి పాసుపుస్తకం ఆటోలో దొరికింది. ఆ తరవాత పుట్టినరోజులు, పెళ్లిరోజులు. ఆఖర్న శ్రద్ధాంజలి. పెద్దకర్మకి ముందు పోయినవారి ఫొటో వేసి, వివరాలు చదివి, బంధుమిత్రుల్ని పిలవడం ఆ ఊరి ఆనవాయితీ. ఆ సమయానికి ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరతారు. అప్పటిదాకా ఏడవని కొడుకులు కూడా టీవీలో నాన్న పేరు వినగానే ఏడుస్తారు.

శ్రద్ధాంజలి వివరాల చీటీ తెచ్చినవాళ్లని సత్యకుమారి చీటీలో లేని ప్రశ్న ఒకటి అడిగేది. “ఆయన దేనికి సంతోషపడేవారండి?” అని. వచ్చినవాళ్లు మొదట బిత్తరపోయేవాళ్లు. తరవాత ఏదో ఒకటి చెప్పేవాళ్లు. పేకాటలో జోకర్ వస్తే చాలు అని ఒకరు, మనవరాలు మీసం లాగితే అని ఇంకొకరు. ఆమె అది వార్తల్లో చదివేది కాదు. పేరు చదివే ముందు ఒక్క క్షణం మనసులో తలుచుకునేది, అంతే. ఇలా చెయ్యమని ఆమెకెవరూ చెప్పలేదు, తనూ ఎవరికీ చెప్పలేదు. ఆవిడ చదివితే మనవాళ్లెవరో చెప్పినట్టుంటుందని మాత్రం ఊరు అనుకునేది.

ఇక మొహం సంగతి. రెండో కాన్పు తరవాత ఆమె బుగ్గల మీదికి మంగు వచ్చింది. ముందు పెసరగింజంత, తరవాత కళ్ల కింద రెండువైపులా టీ ఒలికిన మరకంత. అయినా ఇబ్బంది లేకపోయింది. రెండు ట్యూబులైట్లు, ఒక పాత కెమెరా, ఇళ్లల్లో డబ్బా టీవీలు. ఆ బొమ్మలో తెల్లటివాళ్లూ నల్లటివాళ్లూ అంతా ఒకటే రంగు. కాస్త పౌడరు అద్దుకుంటే మంగు మాయం. బజార్లో ఎదురుపడ్డవాళ్లు గుర్తుపట్టలేక, గొంతు విన్నాక నాలుక కరుచుకుని, “టీవీలో తెల్లగా ఉంటారండి మీరు” అనేవాళ్లు. గోదావరి జిల్లాల్లో మర్యాదకి లోటుండదు. చెప్పదలుచుకున్న మాట చెప్పేసి చివర ‘అండి’ చేరుస్తారు.

అచ్చిబాబు గారు పోయాక ఛానల్ కొడుకు ఉదయ్‌కుమార్ చేతికొచ్చింది. కుర్రాడు మంచివాడే గానీ దేన్నీ ఉన్నచోట ఉండనివ్వడు. అప్పటికే రొయ్యల చెరువుల పుణ్యమా అని ఊళ్లో గోడగోడకీ యాభై అయిదు అంగుళాల టీవీ, కాస్త ఉన్నవాళ్లింట అరవై అయిదు. ఇంత పెద్ద టీవీల్లో మన ఛానల్ మజ్జిగలో ముంచినట్టు కనిపిస్తోందని ఉదయ్‌కి చిన్నతనం అనిపించింది. కొత్త లైన్లు లాగించాడు, హైదరాబాదు నుంచి ఫోర్ కే కెమెరా తెప్పించాడు, నాలుగువైపులా లైట్లు బిగించాడు. ఒక శుక్రవారం కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టారు.

ఏడూ నలభైకల్లా ఫోన్లు. ఒక్కరైనా వార్తల గురించి మాట్లాడితే ఒట్టు. నీలం కర్టెన్‌కి కుట్లు పడ్డాయని ఒకరు, పూలసజ్జలో ప్లాస్టిక్ గులాబీల మీద దుమ్ముందని ఒకరు. పంచాంగం చెప్పే పంతులుగారు జుట్టుకేసిన రంగు చెవి మీదికి కారిందని నలుగురు. మిగతావన్నీ ఒకటే ప్రశ్న. “మేడమ్ గారికి ఒంట్లో బాగోలేదా అండి?”

మర్నాడు పొద్దున్నుంచే ఆమె ఇంటికి వైద్యం రావడం మొదలైంది. జాజికాయ పాలతో అరగదీసి రాసుకోమని ఒకావిడ జాజికాయలే పంపింది. బంగాళాదుంప రసమని ఒకరు, ఎర్రచందనమని ఒకరు. పెరవలి నుంచి ఎవరో ఆటోవాడి చేత సీసాలో ఏదో నూనె పంపారు, పేరు కూడా చెప్పకుండా. ఊరంతా కలిసి ఒక మనిషి మొహాన్ని బాగుచెయ్యడానికి పూనుకుంది. అందులో చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేదు. అదే ఆమెకి మరీ కష్టమనిపించింది.

రత్తమ్మ ఒక్కతే మంగు ఊసెత్తలేదు. చందువ చేప పొలుసు గీకుతూ తల ఎత్తకుండా, “మీ ముక్కుపుడకలో ఓ రాయి ఊడిపోయిందండి, సూసుకోలేదా” అంది. సత్యకుమారి ముక్కు తడుముకుంది. నిజమే. తన ముక్కు మీది సంగతి తనకంటే ముందు చేపలమ్మే మనిషికి తెలిసింది.

సత్యకుమారి ఇంట్లో ఇంకా ఇరవై ఒక్క అంగుళాల డబ్బా టీవీయే. అందులో చూస్తే పెద్ద తేడా ఏమీ కనపడలేదు. అందుకని వీధి చివర మహాలక్ష్మమ్మ గారింటికి వెళ్లింది. ఆవిడ కొడుకు చెరువులు చేస్తాడు, హాల్లో గోడంతా టీవీయే. పొద్దున తొమ్మిదికి ముందురోజు వార్తలు మళ్లీ వేస్తారు. సత్యకుమారి సోఫా అంచున కూర్చుని చూసింది. చేటంత మొహం. మంగు ఉన్నమాట నిజం. దాని గట్లూ మడులూ కూడా లెక్కపెట్టుకోవచ్చు. పై పెదవి మీద నూగు, గడ్డం కింద చిన్నప్పటి దెబ్బ, పౌడరు ఎక్కడిదాకా పట్టి ఎక్కడ ఆగిందో ఆ గీత. అద్దంలో ఎన్నడూ ఇంత చూసుకోలేదు. అద్దం అయితే మనం దగ్గరికి వెళ్తేనే చూపిస్తుంది. ఇది వద్దన్నా ఇంటింటికీ వెళ్లి చూపిస్తోంది. మహాలక్ష్మమ్మ గారు కాఫీ ఇచ్చి, టీవీ కొన్నాక తనకి పాత సినిమాలు కూడా చూడబుద్ధి కావడం లేదని, దేవుడి వేషం వేసినాయనకి కిరీటం కింద జిగురు కనపడుతోందని, ఇన్నాళ్లూ ఆయన్ని చూస్తే చెయ్యెత్తి దణ్ణం పెట్టేదాన్నని, ఇప్పుడు చెయ్యి లేవడం లేదని చెప్పుకుని బాధపడ్డారు.

ఉదయ్‌కుమార్ దిద్దుబాటుకి దిగాడు. ముందు బొమ్మని కాస్త మసక చేయించాడు. దాంతో రొయ్య ధరల్లో మూడు ఎనిమిదిలా కనపడి, ఒక చెరువు రైతు వ్యాపారితో కొట్లాట పెట్టుకుని, తిన్నగా ఛానల్ ఆఫీసుకొచ్చి కూర్చున్నాడు. మసక తీసేశారు. తరవాత కంప్యూటర్లో మొహాన్ని నున్నగా చేసే ఏర్పాటేదో పెట్టారు. ఆమె తల తిప్పినప్పుడల్లా ముక్కు కరిగి మళ్లీ వస్తోందని పిల్లలు జడుసుకున్నారు. అదీ తీసేశారు. ఆఖరికి బ్యూటీపార్లర్ లక్ష్మీదుర్గ వచ్చి గంటసేపు రంగు పట్టించింది. మామూలు కంటికి బాగానే ఉంది. ఆ టీవీలో మాత్రం సున్నం కొట్టిన గోడకి కళ్లు పెట్టినట్టుంది. మెడ ఒక రంగు, మొహం ఒక రంగు. ఆ వారం పుట్టినరోజుల కంటే నవ్వుల ఫోన్లు ఎక్కువొచ్చాయి.

సోమవారం ఉదయ్ ఆమెని పిలిచి, కూర్చోబెట్టి, టీ తెప్పించాడు. టీ వచ్చినప్పుడే ఆమెకి సంగతి అర్థమైంది. మీరు చాలా శ్రమపడుతున్నారండి, కొన్నాళ్లు రెస్టు తీసుకోండి అన్నాడు. భీమవరంలో ఇంజనీరింగు చదివిన అశ్విని అనే అమ్మాయి చదువుతుందని, ఈవిడ మునుపటిలా ప్రకటనలు టైపు చేసుకోవచ్చని, జీతం తగ్గదని చెప్పాడు. ఆమె టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, టైపు కొట్టే బల్ల దగ్గరికి వెళ్లింది. ఇరవై రెండేళ్ల కిందట లేచిన బల్ల అదే.

ఆ రాత్రి ఇంట్లో ఏడవలేదు గానీ అన్నం సహించలేదు. మంగు ఉన్నందుకు ఆమెకి సిగ్గేసింది. సిగ్గేసినందుకు కోపం వచ్చింది. తను దొంగతనం చెయ్యలేదు, తప్పు చదవలేదు. ఇద్దర్ని కన్నది, అంతే. త్రిమూర్తులు కంచాలు తీస్తూ, “మొహం వాళ్లది కాదు కదా, ఇది అక్కర్లేదనడానికి” అన్నాడు. అతనికది పెద్ద ఉపన్యాసం కింద లెక్క.

అశ్విని తామరాకులా నిగనిగలాడే పిల్ల. ఏ లైటు కిందైనా ఒక్క మచ్చ కనపడదు. గొంతూ బాగుంది. పదిహేను రోజులు ఊరు మురిసింది. పదహారో రోజున రత్నమాణిక్యం గారి శ్రద్ధాంజలి వచ్చింది. ఆవిడ ఉండి ఊరి దగ్గర చెరువుల ఆసామి సత్యనారాయణరాజు గారి తల్లి, ఎనభై తొమ్మిదేళ్ల మనిషి. చుట్టాలు పాలకొల్లులో ఎక్కువని ఇక్కడ కూడా చదివించమన్నారు. రాజుగారు ఆ సాయంత్రానికి పాలకొల్లులో కూతురింటికొచ్చారు. ముప్ఫై మంది హాల్లో చేరారు. టీవీ అరవై అయిదు అంగుళాలు.

దానికి ముందు వార్త కొత్త బట్టలకొట్టు ప్రారంభం. అశ్విని ఆ కొట్టు గురించి నవ్వుతూ చెప్పింది. చదవడానికిచ్చినదాంట్లోనే నవ్వమని రాసుంది. ఆ నవ్వు పూర్తిగా దిగకముందే రత్నమాణిక్యం గారి ఫొటో పడింది, ఆ నవ్వు తోకతోనే ‘స్వర్గస్థులైనారు’ అన్న మాట వచ్చింది. అర సెకను. పాత టీవీలో అయితే దేవుడికి కూడా కనపడదు. అక్కడితో ఆగలేదు. కెమెరా పక్క తెర మీది అక్షరాల వెంట ఆ పిల్ల కళ్లు కుడికీ ఎడమకీ పరిగెత్తడం, ఇంటిపేరు దగ్గర తడబడి కనుబొమ్మ చిట్లించడం, చదవడం అయిపోగానే హమ్మయ్య అని ఊపిరి వదలడం, ముప్ఫై మందీ చూశారు. పిల్ల తప్పేం లేదు. ఇరవై మూడేళ్ల మనిషికి ఎనభై తొమ్మిదేళ్ల చావు ఏం తెలుస్తుంది. కానీ మచ్చలేని మొహంలో దాచుకోవడానికి చోటు లేకపోయింది.

రాజుగారు ఉదయ్‌కి ఫోన్ చేశారు. కేకలెయ్యలేదు. “మా అమ్మ పోతే మీ అమ్మాయికి నవ్వొచ్చిందేంటండి?” అని మాత్రం అడిగారు. అశ్విని ఆఫీసు మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. సత్యకుమారే మంచినీళ్లిచ్చి ఊరుకోబెట్టింది. ఉదయ్ ఆ ఇద్దర్నీ కాసేపు చూసి, శ్రద్ధాంజలి ఒక్కటీ మేడమ్ గారు చదివితే బాగుంటుందని, రేపు ఆవిడది మళ్లీ చదవాలని నసిగాడు.

సత్యకుమారి ఒప్పుకుంది. ఒప్పుకునే ముందు రాజుగారికి ఫోన్ చేసి ఇంటిపేరు ఎలా పలకాలో కనుక్కుంది. ఆ తరవాత తన ప్రశ్న అడిగింది. ఆయన అన్నారు, “చేపల కూరలో తలకాయ ఎవరికీ పెట్టేది కాదండి మా అమ్మ. మా నాన్నగారిక్కూడా. తనే తినేది. తింటా ఉంటే ఎవరితోనూ మాట్లాడేది కాదు.” అరవై ఏళ్ల మనిషి, నవ్వబోయి ఏడ్చేశారు.

మర్నాడు ఆమె పౌడరు కూడా రాసుకోకుండా కూర్చుంది. కంచం ముందు మౌనంగా, ఎవరికీ వాటా ఇవ్వకుండా తింటున్న ఒక ముసలావిడని తలుచుకుని పేరు చదివింది. ఇన్నాళ్లూ గొంతులో మాత్రమే వినపడ్డది ఆరోజు మొహంలో కనపడింది. కళ్లు తడవలేదు. కళ్ల కింద ఆ మంగు మాత్రం కొద్దిగా వణికింది. రాజుగారి కూతురింట్లో ఎవరూ కదల్లేదట. అది అయ్యాక ఆయన లేచి వెళ్లి మొహం కడుక్కొచ్చారట. తరవాత తెలిసింది.

అప్పట్నుంచి శ్రద్ధాంజలి సత్యకుమారిది, మిగతా వార్తలన్నీ అశ్వినివి. ఊరి పెద్దవాళ్లు తమది కూడా ఆవిడ చేతే చదివించాలని పిల్లలతో ముందే చెప్పుకుంటున్నారని ఉదయ్ సంబరపడ్డాడు. సత్యకుమారికి మొదట సంతోషంగానే ఉంది. అరగంటలో అయిదు నిమిషాలైనా చేతికొచ్చింది. రెండు నెలలు గడిచేసరికి అసలు రంగు బయటపడింది. రోజూ అదే మొహం, అంత పెద్దగా, చావు కబురుతో తప్ప కనపడదు. బజార్లో పలకరింపులు తగ్గాయి. స్కూలు పిల్లలు ఆమెని చూసి పక్కకి తప్పుకున్నారు. ఒకాయనైతే ఎదురొచ్చి, చెప్పుల్లో రాయి పడ్డట్టు వంగి, వెనక్కి తిరిగిపోయాడు.

లక్ష్మీదుర్గ కూతురికి ఏడో నెల సీమంతం. వీధిలో ముత్తయిదువలందర్నీ పిలిచింది, ఈవిడనీ పిలిచింది. ఒక్కొక్కరే వెళ్లి అమ్మాయికి గాజులు తొడిగి, పసుపు రాసి వస్తున్నారు. సత్యకుమారి ఆకుపచ్చ గాజులు నాలుగు పట్టుకుని లేచింది. లక్ష్మీదుర్గ అడ్డొచ్చి, “మీరు కూర్చోండి అక్కా, ఆఫీసులో అలిసిపోయి ఉంటారు” అని ఆ గాజులు తీసుకుని పక్కన బల్ల మీద పెట్టింది. ఎంత మెత్తగా పెట్టిందంటే చప్పుడు కూడా కాలేదు. సత్యకుమారి కూర్చుంది. పసుపుకుంకాలతో, బతికున్న మొగుడితో, ఇద్దరు పిల్లలతో నిండుగా ఉన్న మనిషి. అలాంటి మనిషి చెయ్యి కడుపుతో ఉన్న పిల్లకి తగలకూడదట. అంత అవమానం ఆమె ఎరగదు. మంగు రోజుల్లో కూడా ఇంత కాలలేదు.

మర్నాడు ఆఫీసుకి వెళ్లి ఈసారి తనే టీ తెప్పించింది. ఉదయ్ గ్లాసు అందుకుని అనుమానంగా చూశాడు.

“ఉదయ్ బాబూ, చదివితే అరగంటా నేనే చదువుతానండి. లేదంటే చావులు కూడా ఆ అమ్మాయే చదువుకోవాలి” అంది.

ఉదయ్ నొచ్చుకున్నాడు. పుట్టినరోజులు పెట్టించేవాళ్లు పిల్లల తల్లిదండ్రులని, వాళ్లు తెరంతా అందంగా ఉండాలంటారని, మీకు తెలియనిదేముందని, ఆ టీవీల్లో మరీ స్పష్టంగా వస్తోందని సాగదీశాడు. మంగు అన్న మాట మాత్రం నోటితో అనలేదు.

ఆమె అంది. “చావుకి అడ్డురాని మంగు పుట్టినరోజుకి ఎందుకు అడ్డొస్తుందండి?”

ఉదయ్ టీ మీద మీగడ కట్టేదాకా గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. వాళ్ల నాన్నగారు పోయినప్పుడు శ్రద్ధాంజలి చదివింది ఈవిడే. ఆరోజు ఈవిడ తనని ఏమడిగిందో, తను ఏం చెప్పాడో అతనికి గుర్తుండే ఉంటుంది. లేచి లోపలికి వెళ్లి, అశ్వినిని ధరలూ, కరెంటు కోతలూ చదవమని, మనుషుల పేర్లు వచ్చేవన్నీ మేడమ్ గారికి వదలమని చెప్పాడు. అరగంట రాలేదు గానీ సగం పైనే వచ్చింది. సత్యకుమారి బేరమాడలేదు.

ఆ సాయంత్రం మొదటి చీటీ పూలపల్లి నుంచి. నాగశ్రీ అనే పిల్లకి ఏడాది నిండింది. సత్యకుమారి తల్లికి ఫోన్ చేసి, చావు ఇళ్లవాళ్లని ఇన్నేళ్లుగా అడిగిన ప్రశ్నే అడిగింది. కుక్కరు కూతేస్తే చప్పట్లు కొడుతుందండి అని చెప్పింది తల్లి. లైట్లు వెలిగాయి. సత్యకుమారి కుక్కరు కూతని తలుచుకుంది, పేరు చదివింది.

మర్నాడు పొద్దున రత్తమ్మ చేప తూచి సంచిలో వేస్తూ తల ఎత్తి ఆమె మొహంలోకి చూసింది. ఆ మొహాన్ని అంతమంది చూస్తున్నా, ఎదురుగా నిలబడి చూసినవాళ్లు ఈమధ్య ఎవరూ లేరు.

“నిన్న ఆ బుడ్డదాని పేరు చదివినప్పుడు నవ్వేరు కదండి. మీకు పన్ను మీద పన్నుందని ఇన్నేళ్లూ నాకు తెలీదండి. బాగుంది.” అని, సంచి అందిస్తూ, “ముక్కుపుడకకి రాయి మాత్రం ఇంకా ఏయించుకోలేదు మీరు” అంది.

నవ్వొచ్చి సత్యకుమారి చెయ్యి అలవాటుగా నోటికి అడ్డం వెళ్లబోయింది. మధ్యలో ఆపి, ఆ చేత్తోనే సంచి అందుకుంది.